దీపాల్లేని దిక్కు

అమెరికా స్మోకీ కొండల నడుమ చిన్న ఊరు గాట్లిన్‌బర్గ్. ఊరి మధ్యలో 407 అడుగుల టవర్. పైకెక్కితే ఒక పక్క కళ్ళు చెదిరే వెలుగు, మిగతా పక్కల కటిక చీకటి. ఆ చీకటి ఎలా మిగిలింది? దానికోసం ఎవరెవరు ఏం వదులుకున్నారు?

లిఫ్టు తలుపు మూసుకోగానే అమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నెల్లూరు నుంచి వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. లిఫ్టు గోడ నిలువెత్తు గాజు. అవతల పార్క్‌వే రోడ్డు, దాని మీద కదలకుండా నిలిచిపోయిన కార్ల వరస, మిఠాయి దుకాణాల రంగు దీపాలు, పాన్‌కేక్ హోటళ్ళ బోర్డులు అన్నీ ఒక్కసారిగా కిందికి దిగిపోసాగాయి.

“కిందికి చూడకమ్మా, కళ్ళు తిరుగుతాయి.”

“చూడకపోతే ఇంత దూరం వచ్చి ఎక్కడం ఎందుకే?”

అక్టోబరు నెలాఖరు. ఆకులు రంగు మారే రోజులు. అట్లాంటా నుంచి పొద్దున్నే బయల్దేరిన కుటుంబం అది. అమ్మ, నాన్న, కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. పైకి చేరగానే పిల్లలు టెలిస్కోపుల దగ్గరికి పరిగెత్తారు. అల్లుడు ఫొటోల్లో పడ్డాడు. నాన్నగారు మఫ్లర్ బిగించుకుని గాలి తగలని చోటు వెతుక్కున్నారు. అమ్మ మాత్రం రెయిలింగు పట్టుకుని, గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు డెక్కు చుట్టూ నింపాదిగా ఒక చుట్టు తిరిగింది. తిరిగొచ్చి కూతుర్ని అడిగింది.

“ఇటు పక్క ఇన్ని దీపాలున్నాయి. అటు పక్క ఒక్కటీ లేదేం? కరెంటు పోయిందా?”

“పోలేదమ్మా. అదంతా పార్కు. అక్కడెవరూ ఉండరు.”

“ఎప్పుడూ లేరా?”

కూతురు జవాబు చెప్పలేకపోయింది. పక్కనే నిలబడి విన్న నాకు, ఆ టవర్ ఎక్కిన ప్రతి ఒక్కరూ అడగాల్సిన ప్రశ్న అదేననిపించింది. పది నిమిషాల్లో నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోయే చోటు కాదది. ఆ వెలుగు ఎక్కడ ఆగిపోయి చీకటి ఎక్కడ మొదలవుతోందో, ఆ గీత మీద రెండు వందల ఏళ్ళ కథ ఉంది.

ఎత్తునే అమ్ముకునే ఊరు

ఆ టవర్ పేరు స్పేస్ నీడిల్. 1969లో కట్టి 1970లో తెరిచారు. ఎత్తు మన చార్మినార్‌కు రెండింతల పైమాటే. సియాటిల్ నగరం 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టుకున్న 605 అడుగుల స్పేస్ నీడిల్ అప్పటికే దేశమంతా పేరు మోసింది. ఈ కొండ ఊరూ ఆ పేరే పెట్టుకుంది. సియాటిల్ టవర్ మహా నగరాన్ని చూపిస్తే, ఇది కొండల్ని చూపించడానికి లేచింది.

గాట్లిన్‌బర్గ్ టెన్నెసీ రాష్ట్రంలో, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు గుమ్మంలో ఉంది. ఊరికి మూడు పక్కలా పార్కే. సుమారు 1,300 అడుగుల ఎత్తున, ఇరుకు లోయలో ఇమిడిన ఊరు. రోడ్డు మీద నిలబడితే కొండ నిండుగా కనిపించదు, భవనాల సందుల్లోంచి ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఎత్తు సరుకైంది. 1954లో స్కైలిఫ్ట్ వచ్చింది, ఇనుప తాడుకు వేలాడే కుర్చీలో కూర్చుంటే క్రాకెట్ కొండ మీదికి తీసుకెళ్తుంది. 1973లో ఓబర్ గాట్లిన్‌బర్గ్‌కు కేబుల్ ట్రామ్ వేశారు. 2017లో అనాకీస్టా అనే కొండ మీది వినోద ఉద్యానం తెరిచారు, అందులోనూ ఒక టవర్ ఉంది. 2019లో క్రాకెట్ కొండ మీదే 680 అడుగుల పొడవున వేలాడే నడక వంతెన కట్టారు. నడుమ కొంత మేర అడుగున గాజు పలకలు. తెరిచిన నాటికి ఉత్తర అమెరికాలో అంత పొడవైన వేలాడే నడక వంతెన మరోటి లేదని చెప్పుకున్నారు.

ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళు నాలుగు వేల లోపే. పక్కనున్న పార్కుకు ఏటా కోటి మందికి పైగా వస్తున్నారు. 2021లో కోటీ నలభై లక్షలు దాటారు. అమెరికా మొత్తంలో ఇంతమంది వెళ్ళే నేషనల్ పార్కు ఇంకోటి లేదు. గ్రాండ్ కాన్యన్ కూడా దీని తర్వాతే.

ఆ లెక్కలో మన వాళ్ళూ ఉన్నారు. అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది మూడున్నర నాలుగు గంటల దూరం. లాంగ్ వీకెండ్ వస్తే నాలుగైదు కుటుంబాలు కలిసి కొండ వాలు మీద పెద్ద చెక్క క్యాబిన్ తీసుకుంటాయి. వంటగది ఉంటుంది కాబట్టి కుక్కరు, పోపుల డబ్బా, దోసెల పిండి కారెక్కుతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలోనైతే ఈ ప్రయాణం తప్పనిసరి. నయాగరా తర్వాత పెద్దవాళ్ళకు చూపించే జాబితాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకు, స్మోకీ కొండలే ముందుంటాయి.

మన తెలుగు నేల మీదా కొండ, టవర్, గాజు వంతెన అనే మాటలే నడుస్తున్నాయి. విశాఖ కైలాసగిరి మీద రోప్‌వే ఉండగా గాజు వంతెన కూడా వచ్చింది. పాడేరు దగ్గర వంజంగిలో మేఘాల సముద్రాన్ని చూడ్డానికి చలికాలం తెల్లవారుజామున కార్లు బారులు తీరుతున్నాయి. లంబసింగి పేరు తెలియని కుర్రకారు లేరు. కొండ మీద ఏం కట్టాలన్న ఆలోచన మనకు బాగా ఉంది. ఎదురుగా కనిపించేదాన్ని ఎవరు కాపాడాలి, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అన్న ఆలోచనే తక్కువ. గాట్లిన్‌బర్గ్ ఆ రెండో ప్రశ్నకు బతికున్న ఉదాహరణ, మంచికీ చెడుకీ కూడా.

‘ఎప్పుడూ లేరా?’

ఉన్నారమ్మా. వందలాది కుటుంబాలు ఉండేవి.

ఈ ఊరి మొదటి పేరు వైట్ ఓక్ ఫ్లాట్స్. 1800 తర్వాత తొలి ఏళ్ళలో విలియం ఓగిల్ అనే ఆయన ఇక్కడ స్థలం చూసుకుని, ఇంటికి దుంగలు కొట్టి పెట్టి, కుటుంబాన్ని తెచ్చుకుందామని సౌత్ కరోలినా వెళ్ళాడు. అక్కడే జ్వరంతో పోయాడు. భర్త కొట్టి పెట్టిన దుంగల్ని వెతుక్కుంటూ ఆయన భార్య మార్తా జేన్ పిల్లలతో, తోడబుట్టిన వాళ్ళతో కొండలు దాటి వచ్చింది. ఆ దుంగలతో కట్టిన ఇల్లు ఇప్పటికీ ఊళ్ళో నిలబడే ఉంది. తర్వాత రాడ్‌ఫర్డ్ గాట్లిన్ అనే వ్యాపారి వచ్చి దుకాణం పెట్టాడు. 1856లో తపాలా కచేరీ ఆయన దుకాణంలో తెరవడంతో ఊరికి ఆయన పేరు పడింది. ఊరి వాళ్ళతో పొసగక గాట్లిన్ వెళ్ళిపోవాల్సి వచ్చింది, పేరు మాత్రం ఉండిపోయింది.

జొన్న, మొక్కజొన్న, పందులు, తేనెపట్లు, చేతి మగ్గం. ఇదీ ఆ కొండ పల్లెల బతుకు. 1900 దాటాక కలప కంపెనీలు వచ్చాయి. లిటిల్ రివర్ కంపెనీ కొండల్లోకి రైలు పట్టాలు వేసి, ఆవిరి యంత్రాలతో చెట్లను లాగి, ముప్పై ఎనిమిదేళ్ళ పాటు కోసింది. ఈరోజు టవర్ మీంచి పచ్చగా కనబడే వాలుల్లో చాలావాటి మీద అప్పట్లో మోళ్ళు, బూడిద తప్ప ఏం లేవు. కొండ బోడిదైతే వాన నీరు మట్టిని కోసుకుపోయేది. ఎండాకాలం కొమ్మారెమ్మా అంటుకునేది.

1923లో నాక్స్‌విల్‌కు చెందిన విల్లిస్ డేవిస్, ఆయన భార్య ఆన్ డేవిస్ పశ్చిమ రాష్ట్రాల నేషనల్ పార్కులు చూసొచ్చారు. మన కొండలకేం తక్కువని అడిగింది ఆవిడే. అక్కణ్ణుంచి ఉద్యమం మొదలైంది. ఆన్ డేవిస్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికై పార్కు భూముల బిల్లు కోసం పోరాడారు. పశ్చిమంలో పార్కు భూములు అప్పటికే ప్రభుత్వానివి. ఇక్కడ అంగుళం అంగుళం ఎవరో ఒకరిది. ఆరు వేలకు పైగా కమతాలు కొనాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు డబ్బిచ్చాయి, బడిపిల్లలు చిల్లర పైసలు పోగుచేసి పంపారు. అయినా చాలలేదు. 1928లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తన తల్లి పేరిట ఉన్న నిధి నుంచి 50 లక్షల డాలర్లు ఇచ్చాక గాని పని ముందుకు సాగలేదు. 1934లో పార్కు ఏర్పడింది. 1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ కనుమ దగ్గర జాతికి అంకితం చేశారు.

కలప కంపెనీలు మంచి ధర వచ్చేదాకా బేరమాడి అమ్ముకున్నాయి. చిన్న రైతుల దగ్గర అంత బలం ఎక్కడిది? కేడ్స్ కోవ్ లోయలో జాన్ ఆలివర్ అనే రైతు భూసేకరణను ఎదిరించి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. చివరికి ఇల్లు వదలక తప్పలేదు. చర్చి, బడి, తాతముత్తాతల సమాధులు వదిలేసి వెయ్యికి పైగా రైతు కుటుంబాలు కదిలాయి. శ్రీశైలం, పోలవరం నిర్వాసితుల గోడు విన్న మనకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. పార్కు లోపల ఇప్పటికీ నూటికి పైగా శ్మశానాలున్నాయి. ఏటా ఒక రోజు ఆ కుటుంబాల వారసులు పూలు పట్టుకుని వచ్చి సమాధులు శుభ్రం చేసి, అక్కడే కలిసి భోంచేసి వెళ్తారు. అక్కడ మునిమనవళ్ళకు ఇల్లు ఉన్న చోటు చూపించడానికి పొగగొట్టపు రాళ్ళే గుర్తు.

ఇదంతా తెలిశాక ఆ చీకటిని చూసే తీరు మారిపోతుంది. ఆ అడవి ఉండాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. అది లేకపోతే ఈ నీళ్ళు, ఈ ఎలుగుబంట్లు, ఈ టవర్ ఏవీ లేవు. కానీ కోటిమంది ఆనందానికి వెల కట్టింది కొన్ని వేలమంది. వాళ్ళ పేర్లు టికెట్టు కౌంటర్ దగ్గర ఎక్కడా కనపడవు.

> ఇల్లు వదలని అక్కచెల్లెళ్ళు
>
> లిటిల్ గ్రీన్‌బ్రియర్ లోయలో వాకర్ కుటుంబానికి 122 ఎకరాలు. పెళ్ళిళ్ళు చేసుకోకుండా తండ్రి ఇంట్లోనే ఉండిపోయిన ఐదుగురు అక్కచెల్లెళ్ళు భూమి ఇచ్చేది లేదన్నారు. చుట్టూ పార్కు వచ్చేసినా కదల్లేదు. చివరికి 1941లో 4,750 డాలర్లకు అమ్మారు, ఒక షరతు మీద: బతికినంత కాలం ఆ ఇంట్లోనే ఉంటాం.
>
> ఉన్నారు కూడా. తమ గొర్రెల ఉన్నితోనే వడికి, నేసి, తమ పంటే తిన్నారు. 1946లో ఒక పెద్ద పత్రిక వాళ్ళ మీద కథనం వేసింది. ఇక జనం రావడం మొదలైంది. ఆ అక్కచెల్లెళ్ళు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఆపిల్ కజ్జికాయలు, అల్లిన గుడ్డలు అమ్మేవారు. వయసు మీదపడ్డాక, ‘సందర్శకులకు స్వాగతం’ అన్న బోర్డు దయచేసి తీసేయమని పార్కు అధికారికి ఉత్తరం రాశారు. ఆ ఇంట్లో ఆఖరున మిగిలిన లూయిసా 1964లో కన్నుమూసింది. దుంగల ఇల్లు, పక్కన పాలు చల్లబెట్టుకున్న నీటి ఊట ఇప్పటికీ ఉన్నాయి.

గీత దాటిన మంట

2016 నవంబరు 23. పార్కు లోపల చిమ్నీ టాప్స్ అనే జంట శిఖరాల దగ్గర చిన్న మంట కనిపించింది. ఆ ఏడాది శరదృతువులో వానల్లేవు. రాలిన ఆకు కరకరలాడుతోంది. ఐదు రోజులు ఆ మంట కొండ మీదే నెమ్మదిగా పాకింది. 28వ తేదీన గాలి లేచింది. గంటకు 87 మైళ్ళ వేగంతో, అంటే 140 కిలోమీటర్ల వేగంతో, కొండ మీంచి లోయలోకి వీచింది. చెట్లు కూలి కరెంటు తీగల మీద పడ్డాయి. కొత్త చోట్ల కొత్త మంటలు లేచాయి. సాయంత్రానికల్లా నిప్పు ఊరి అంచుల మీద ఉంది.

సుమారు 14,000 మంది ఇళ్ళు, హోటళ్ళు, క్యాబిన్లు వదిలి పారిపోయారు. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఊరు ఖాళీ చేయమన్న హెచ్చరిక చాలామంది ఫోన్లకు సమయానికి అందలేదు. కొండ వాలు రోడ్లు ఒక్క కారు పట్టేంత. రెండు పక్కలా చెట్లు మండుతుంటే, ఎదురుగా పొగలో ఏమీ కనపడకుండా, కిందికి దిగడం తప్ప దారి లేదు. పద్నాలుగు మంది చనిపోయారు. సుమారు 2,500 కట్టడాలు కాలిపోయాయి, లేదా దెబ్బతిన్నాయి. స్కైలిఫ్ట్ కొండ మీది స్టేషన్ కాలిపోయింది. పార్క్‌వే రోడ్డు, దాని పక్కన స్పేస్ నీడిల్ మాత్రం మిగిలాయి.

ఊరికీ అడవికీ మధ్య గీత పైనుంచి చూస్తే ఎంత కచ్చితంగా ఉంటుందో, కింద అంత పలచన. మంచి వ్యూ కావాలన్న ప్రతి క్యాబినూ అడవి లోపలికి ఇంకో నాలుగడుగులు జరుగుతుంది. చెక్క గోడలు, చెక్క వరండా, నెత్తిన కొమ్మలు. అదే అందం, అదే ప్రమాదం. మంట తర్వాత ఊరు త్వరగానే లేచింది. అనాకీస్టాలో ఆ మంటల్ని తలుచుకుంటూ నడిచే దారి ఒకటి పెట్టారు. ఆ వినోద ఉద్యానానికి వెళ్తే పిల్లలు ఊయల వంతెనల వైపు లాగుతారు, నిజమే. కాసేపు ఆ దారిలో కూడా నడిపించండి.

ఈ జిల్లాలోనే, పన్నెండు మంది పిల్లల పేద ఇంట్లో పుట్టిన గాయని డాలీ పార్టన్. పక్క ఊరు పిజన్ ఫోర్జ్‌లోని డాలీవుడ్ ఆవిడ పేరు మీదిదే. మంటల తర్వాత ఇల్లు కోల్పోయిన ప్రతి కుటుంబానికీ నెలకు వెయ్యి డాలర్ల చొప్పున ఆరు నెలలు ఇస్తానని ప్రకటించి, మాట నిలబెట్టుకున్నారు. ఏ పత్రాలూ ఎక్కువ అడక్కుండా చేతికి అందిన సాయం అది. ఆ ప్రాంతంలో ఆవిడ పేరెత్తితే ముఖాలు వెలిగేది పాటల వల్ల మాత్రమే కాదు.

> క్యాబిన్ తీసుకుంటున్నారా?
>
> చేరిన రోజే, వెలుతురుండగా, కిందికి దిగే దారి చూసుకోండి. రెండో దారి ఉందేమో అడగండి. ఎండిపోయిన రోజుల్లో వరండాలో బొగ్గుల కుంపటి వద్దు.
>
> పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లున్నాయి. ఊళ్ళోకీ వస్తాయి. బిర్యానీ ట్రేలు, పులిహోర డబ్బాలు రాత్రిపూట కారులో వదిలితే వాసనకు తలుపు తీసే నేర్పు వాటికి ఉంది. చెత్తను ఎలుగు తెరవలేని గొళ్ళెం పెట్టెలోనే వెయ్యాలి. మనుషుల తిండి మరిగిన ఎలుగు చివరికి ప్రాణం పోగొట్టుకుంటుంది. పార్కులో దానికి 150 అడుగుల లోపు వెళ్ళడం నేరం.

ఇక్కడే మన కొండల దగ్గరికి ఒకసారి తిరిగి రావాలి. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బండ్లకు మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు. దొడ్డబెట్ట టెలిస్కోప్ హౌస్ దగ్గర గంటల తరబడి కారులో కూర్చున్నవాళ్ళకు కారణం తెలుసు. వంజంగి కొండ ఎక్కినవాళ్ళు వదిలిన ప్లాస్టిక్‌ను ఏరేది కొండ కింది గిరిజన పల్లెల వాళ్ళే. టవర్ కట్టడానికి టెండరు పిలిచేటప్పుడే, ఎదురుగా కనిపించే వాలు మీద ఇంకో రిసార్టు రాకుండా ఏం చేస్తున్నారో కూడా అడగాలి. గాట్లిన్‌బర్గ్ టవర్‌కు విలువ తెచ్చింది 407 అడుగుల ఇనుము కాదు, ఆ పక్క ఐదు లక్షల ఎకరాల్లో ఎవరూ ఏమీ కట్టకపోవడం. పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, రెస్టారెంటు లేదు. లెకాంటే కొండ మీద ఒక చిన్న వసతి ఉంది గాని అక్కడికి నడిచి వెళ్ళాలి. దానికి కావలసిన సరుకులు లామాల వీపు మీద మోయిస్తారు.

టికెట్టు లేని టవర్

స్పేస్ నీడిల్ దిగి, మర్నాడు పొద్దున్నే రెండో టవర్‌కు వెళ్ళండి. నా మటుకు నాకు అసలు ప్రయాణం అదే.

గాట్లిన్‌బర్గ్ నుంచి న్యూఫౌండ్ గ్యాప్ దాకా ఘాట్ రోడ్డు, అక్కణ్ణుంచి ఏడు మైళ్ళ పక్క దారి. కువోహి శిఖరం 6,643 అడుగులు. టెన్నెసీలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. రెండు వేల మైళ్ళ పైచిలుకు అపలాచియన్ నడకదారిలోనూ ఇదే అన్నిటికన్నా ఎత్తు. కారు దిగాక అర మైలు తారు బాట. ఉన్నది అర మైలే అయినా నిటారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే తొందర పెట్టకండి, దారి పక్కన కూర్చునే చోట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కింద పార్కింగు దగ్గర నిలబడినా కొండల వరసలు బాగానే కనిపిస్తాయి. వేసవిలో కూడా స్వెట్టరు ఉండాలి. కింద ఊళ్ళో కన్నా పైన 10 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లగా ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ పక్క దారి మూసేస్తారు.

శిఖరం మీద 1959లో కట్టిన సిమెంటు టవర్ ఉంది. 45 అడుగులే. మెట్లుండవు. 375 అడుగుల పొడవున్న సిమెంటు బాట వంపు తిరుగుతూ చెట్ల తలల మీదికి తీసుకెళ్తుంది. గాజు లేదు, లిఫ్టు లేదు, రంగు దీపాలు లేవు. లోపలికి రావడానికి రుసుమూ లేదు. 1951లో టెన్నెసీ రాష్ట్రం న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డును కేంద్రానికి అప్పగిస్తూ, దీని మీద ఎన్నడూ సుంకం వసూలు చేయకూడదని షరతు రాసింది. 2023 మార్చి నుంచి మాత్రం పావుగంట మించి బండి నిలిపితే రోజుకు 5 డాలర్ల పార్కింగు చీటీ తీసుకోవాలి.

పైన నిలబడితే ముందు నీలం కనిపిస్తుంది. ఒక వరస వెనక ఇంకో వరస, ప్రతి వరసా ముందు దానికన్నా లేత. చెట్లు వదిలే ఆవిర్లు, తేమ కలిసి ఆ నీలి పొగలాంటి తెర తయారవుతుంది. కొండలకు స్మోకీ అన్న పేరు అందుకే వచ్చింది. కాని ఒకప్పుడు ఈ తెరలో చాలా భాగం చెట్లది కాదు. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధక ధూళి కొండల మీద తెల్లగా పేరుకుపోయి, వేసవిలో ఎదుటి వరస కూడా కనపడని రోజులుండేవి. వాయు కాలుష్యం మీద కేంద్ర చట్టాలు, 2002లో నార్త్ కరోలినా తన విద్యుత్ కేంద్రాల పొగ మీద చేసిన చట్టం పనిచేశాయి. ఇప్పుడు చూపు మళ్ళీ దూరం వెళ్తోంది. ఢిల్లీ, హైదరాబాదు గాలి గురించి బెంగపడే మనకు ఇంతకన్నా మంచి కబురు ఏముంది? చట్టం చేసి, అమలు చేస్తే, ఒక తరంలోనే కొండలు తిరిగి కనబడ్డాయి.

ఆ తర్వాత బూడిద రంగు కనిపిస్తుంది. టవర్ చుట్టూ ఎండి నిలబడిన మాన్లు. ఫ్రేజర్ ఫర్ చెట్లవి. ఐరోపా నుంచి వచ్చిపడిన కంటికి ఆనని పురుగు పెద్ద చెట్లలో చాలావాటిని చంపేసింది. వాటి మొదళ్ళ దగ్గర చిన్న మొక్కలు మళ్ళీ గుంపుగా లేస్తున్నాయి. ఎంతవరకు బతుకుతాయో చెట్లకే తెలియాలి.

పాత పేరు, పాత మనుషులు

2024 సెప్టెంబరు 18 దాకా ఈ శిఖరాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. మన వాళ్ళ పాత ఫొటో ఆల్బమ్‌లలో ఆ పేరే ఉంటుంది. థామస్ క్లింగ్‌మన్ నార్త్ కరోలినా సెనేటరు, తర్వాత అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన పక్షంలో సేనాని. ఈ కొండలు కొలిచిన ఒక శాస్త్రజ్ఞుడు 1859లో ఆయన పేరు పెట్టాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ చెరోకీ జాతికి ఇది కువోహి. మల్బరీ చెట్ల తావు. వాళ్ళకిది పవిత్రమైన కొండ.

ఓగిల్ కుటుంబం దుంగలు కొట్టుకున్న నేల కూడా చెరోకీలదే. 1838లో సైన్యం వాళ్ళను ఇళ్ళలోంచి లాగి, శిబిరాల్లో కుక్కి, వందల మైళ్ళ అవతల, ఇప్పటి ఓక్లహోమాకు నడిపించింది. సుమారు నాలుగు వేల మంది జబ్బుతో, చలితో, ఆకలితో చనిపోయారని అంచనా. కొందరు సైన్యానికి చిక్కకుండా ఈ ఎత్తైన కొండల్లో తలదాచుకున్నారు. ఇప్పుడు కొండకు అటు పక్క, నార్త్ కరోలినాలో ఉన్న ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీల్లో అలా మిగిలినవాళ్ళ సంతతి కూడా ఉంది. గాట్లిన్‌బర్గ్ నుంచి అదే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు మీద గంట ప్రయాణం చేస్తే వాళ్ళ ఊరు చెరోకీ వస్తుంది. అక్కడి మ్యూజియం చూడకుండా ఈ యాత్ర సగమేనని నా నమ్మకం.

పేరు తిరిగి ఇవ్వాలన్న మాట 2022లో లవీటా హిల్, మేరీ క్రో అనే ఇద్దరు చెరోకీ మహిళలు మొదలుపెట్టారు. తెగ మండలి తీర్మానం చేసింది. చుట్టుపక్కల స్థానిక ప్రభుత్వాలు మద్దతిచ్చాయి. పార్కు అధికారులు అడ్డు చెప్పకపోగా తోడు నిలిచారు. రెండేళ్ళలో పని జరిగింది. భూమి తిరిగి రాలేదు, పోయిన ప్రాణాలు రాలేదు. అయినా ఆ పేరు బోర్డు మీదికి తిరిగి రావడం చిన్న విషయమని నేననుకోను.

ఏటా మూడుసార్లు, ఒక్కో పూట చొప్పున, కువోహి దారిని మిగతా అందరికీ మూసేస్తారు. ఆ పూట చెరోకీ బడిపిల్లలు తమ పెద్దలతో కలిసి కొండెక్కుతారు. కథలు, చరిత్ర, భాష, అన్నీ అక్కడే, ఆ కొండ మీదే చెప్పుకుంటారు. నాలుగు గంటలు కారు నడిపి వచ్చి గేటు దగ్గర వెనక్కి తిరగడం కష్టమే, వెనక సీట్లో అమ్మానాన్నలుంటే మరీను. కాని ఈ పార్కు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మూసివేతే. తేదీలు పార్కు వాళ్ళు ముందుగానే ప్రకటిస్తారు. బయల్దేరే ముందు చూసుకుని, ఆ రోజు తప్పించి మరో రోజు పెట్టుకోండి.